ముందు వాడి సర్వీసు రిజిస్టరు తియ్యండి

అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, అందరిలాగే నేనూ వాళ్ళని వాషింగ్టన్ చూపించడానికి తీసుకెళ్ళాను. వైట్‌హౌస్ ముందు ఒక ఫోటో, లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఇంకో ఫోటో, చెట్టు కింద కూర్చుని పులిహోర. మధ్యాహ్నం ఎండకి తట్టుకోలేక స్మిత్సోనియన్ వాళ్ళ అమెరికన్ హిస్టరీ మ్యూజియంలోకి దూరాం. అక్కడ అధ్యక్షుల తాలూకు సామాన్ల మధ్య ఒక పాత ఇనప ఫైళ్ళ బీరువా ఉంది. సొరుగులు గునపంతో పెకలించినట్టు వంగిపోయి ఉన్నాయి. లింకన్ టోపీ దగ్గర అర నిమిషం కూడా నిలబడని నాన్న ఆ బీరువా దగ్గర ఆగిపోయారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరైన మనిషి. "ఇదేవిట్రా, మా రికార్డు రూములో దానిలా ఉందీ!" అన్నారు.

నాకు తెలిసినంతలో చెప్పాను. ఆ బీరువా లూయిస్ ఫీల్డింగ్ అనే మానసిక వైద్యుడిది. 1971 సెప్టెంబరులో బెవర్లీ హిల్స్‌లో ఆయన క్లినిక్కులో ఒక రాత్రి దొంగలు పడ్డారు. వాళ్ళని పంపింది వైట్‌హౌస్‌లో పనిచేసే మనుషులు. కావలసింది డబ్బు కాదు, డేనియల్ ఎల్స్‌బర్గ్ అనే పేషెంటు ఫైలు. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వం జనానికి చెప్పిందొకటీ, లోపల రాసుకున్నదొకటీ అని చూపించే 7,000 పేజీల రహస్య చరిత్రని పత్రికల చేతికిచ్చినవాడు ఆ ఎల్స్‌బర్గ్. న్యూయార్క్ టైమ్స్ ఆ సంవత్సరం జూన్ 13న దాన్ని వెయ్యడం మొదలుపెట్టింది. జులై నెలాఖరుకి హోవార్డ్ హంట్ అనే మాజీ సీఐఏ ఉద్యోగి వైట్‌హౌస్‌లో ఒక నోటు తయారుచేశాడు. ఎల్స్‌బర్గ్‌ని పనికిరాకుండా చెయ్యడం ఎలా అన్నదే దాని శీర్షిక. జనంలో అతని పరువు తియ్యాలి, అతని మాట మీద నమ్మకం పోగొట్టాలి, అందుకు డాక్టరు దగ్గరున్న ఫైలు సంపాదించాలి అని అందులో ఉంది. ఇంత చేసి బీరువా పగలగొడితే పనికొచ్చేదేమీ దొరకలేదు. 1973 మేలో జడ్జి కేసు మొత్తం కొట్టేశాడు. ఈ దొంగతనం ఒక కారణం. వేరే ఒకాయన ఇంటి ఫోను మీద ప్రభుత్వం చెవి పెట్టినప్పుడు ఎల్స్‌బర్గ్ గొంతు కూడా రికార్డయింది, ఆ కాగితాలు కోర్టుకి చూపించకుండా మాయం చేశారు అన్నది ఇంకో కారణం.

నాన్న అంతా విని తేలిగ్గా, "మా దగ్గరా అంతేలే" అన్నారు. "పైవాడి మీద ఎవడైనా కాగితం పెట్టాడనుకో, ఆ కాగితం ఎవడూ చదవడు. ముందు వాడి సర్వీసు రిజిస్టరు తియ్యండి అంటారు. ఎప్పుడు చెప్పకుండా మానేశాడు, పీఎఫ్ లోను ఎందుకు తీశాడు, ఇంట్లో ఏం గొడవలున్నాయి... ఇవన్నీ చదువుతారు."

ఇలాంటి కథలు చదవడం నాకు పాత అలవాటు. నిఘా గుట్టు బయటపెట్టినవాళ్ళ చరిత్ర తిరగేసినప్పుడల్లా నాన్న మాట అడ్డొస్తుంది. మామూలు ఆఫీసుకీ నిఘా సంస్థకీ ఒక తేడా ఉంది. మామూలు ఆఫీసులో సర్వీసు రిజిస్టరు ఒకటే ఉంటుంది. నిఘా సంస్థకి ఆ రిజిస్టర్లు రాయడమే పని.

1970 జనవరిలో క్రిస్టఫర్ పైల్ అనే మాజీ సైనిక కెప్టెన్ వాషింగ్టన్ మంత్లీలో ఒక వ్యాసం రాశాడు. మేరీలాండ్‌లోని ఫోర్ట్ హోలాబర్డ్‌లో సైనిక ఇంటెలిజెన్స్ పాఠాలు చెప్పినవాడు. దాదాపు 1,000 మంది సైనికులు మామూలు బట్టలేసుకుని దేశంలో జరిగే సభలూ ఊరేగింపులూ గమనిస్తున్నారని అందులో ఉంది. సెనేటర్ శామ్ ఎర్విన్ 1971లో దీని మీద విచారణ జరిపాడు. పైల్‌కి దక్కిన బహుమానం నిక్సన్ శత్రువుల జాబితాలో చోటు.

అదే 1971లో ఇంకో దొంగతనం జరిగింది. ఇది తిరగబడ్డ దొంగతనం. మార్చి 8 రాత్రి దేశమంతా మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల బాక్సింగ్ మ్యాచ్ గోలలో ఉండగా, పెన్సిల్వేనియాలో మీడియా అనే చిన్న ఊళ్ళో (ఊరి పేరే అది, నేను కల్పించలేదు) ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఆఫీసు తాళం తీసి ఫైళ్ళన్నీ సూట్‌కేసుల్లో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒకాయన ఫిజిక్స్ ప్రొఫెసరు. ఇంకొకాయన టాక్సీ నడిపే కుర్రాడు, తాళాలు తియ్యడం పోస్టు ద్వారా నేర్చుకున్నాడట. ముగ్గురు పిల్లల తల్లిదండ్రులైన భార్యాభర్తలు ఒక జంట. ఆ కాగితాల నకళ్ళని ఇద్దరు చట్టసభ సభ్యులకీ కొందరు పత్రికలవాళ్ళకీ పంపారు. సభ్యులిద్దరూ బుద్ధిగా ఎఫ్‌బీఐకి తిరిగిచ్చేశారు. వాషింగ్టన్ పోస్ట్‌లో బెట్టీ మెడ్స్‌గర్ మాత్రం, వెయ్యొద్దని అటార్నీ జనరల్ అడిగినా, మార్చి 24న వార్త రాసింది. ఆ కాగితాల్లో ఒకదాని మీద కొయిన్‌టెల్‌ప్రో అనే వింత మాట ఉంది. ఆ మాట అర్థం పట్టుకుని కార్ల్ స్టెర్న్ అనే టీవీ విలేఖరి కోర్టు దాకా వెళ్ళాకే, నచ్చనివాళ్ళ సంసారాల్లో, ఉద్యోగాల్లో ఎఫ్‌బీఐ ఎలా చిచ్చుపెట్టిందో బయటకొచ్చింది.

దాదాపు 200 మంది ఏజెంట్లు అయిదేళ్ళు వెతికినా ఒక్కరు కూడా దొరకలేదు. వాళ్ళలో కొందరు తమంతట తాము పేర్లు చెప్పుకున్నది 2014 జనవరిలో, 43 ఏళ్ళ తర్వాత. నేను పదేపదే ఆలోచించేది ఈ సంగతే. మనిషి కనబడలేదు కాబట్టి రిజిస్టరు తియ్యడానికి వీల్లేకపోయింది. తాళాలు నేర్చుకున్న కుర్రాడు ఎన్నిసార్లు ఇంట్లోంచి పారిపోయాడో, ప్రొఫెసరు గారి కాపరం ఎలా ఉందో ఎవరూ రాయలేకపోయారు. చేతిలో ఉన్నది కాగితాలు మాత్రమే గనక కాగితాల గురించే మాట్లాడుకోవలసి వచ్చింది.

పేరు పెట్టి, సంతకం చేసి, పద్ధతిగా వెళ్ళినవాళ్ళకి ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను. ఇది మా వృత్తివాళ్ళ కథ కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

1990ల చివర ఎన్‌ఎస్‌ఏలో విలియం బిన్నీ అనే గణితజ్ఞుడు, ఎడ్ లూమిస్, కర్క్ వీబీ కలిసి థిన్‌థ్రెడ్ అనే ప్రోగ్రాం తయారుచేశారు. ఇంటర్నెట్టులో, ఫోన్లలో పోయే సమాచార సముద్రంలోంచి కావలసింది ఏరడం దాని పని. అమెరికన్ల వివరాలు తగిలితే వాటిని సంకేత లిపిలోకి మార్చేసి, కోర్టు అనుమతిస్తేనే విప్పేలా కట్టారు. పైవాళ్ళు దాన్ని పక్కనపెట్టి ట్రెయిల్‌బ్లేజర్ అనే భారీ ప్రాజెక్టుని బయటి కంపెనీలకి అప్పగించారు. వంద కోట్ల డాలర్ల పైన మింగి, 2006లో అది మూతపడింది. పెద్ద కన్సల్టింగ్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ కనబడదు. ఆశ్చర్యం ఏమిటంటే, 2001 సెప్టెంబరు తర్వాత ఆ అడ్డు తీసేసి, వారెంటు లేకుండా సొంత దేశస్థుల సమాచారం పోగెయ్యడం మొదలైందని గ్రహించి బిన్నీ ఆ అక్టోబరు నెలాఖరున ఉద్యోగం వదిలేశాడు. 2002లో ఈ ముగ్గురూ, ప్రతినిధుల సభ ఇంటెలిజెన్స్ కమిటీలో పనిచేసిన డయాన్ రోర్క్ అనే ఆవిడా కలిసి, ట్రెయిల్‌బ్లేజర్ దుబారా మీద రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. అప్పటికి ఎన్‌ఎస్‌ఏలోనే పెద్ద హోదాలో ఉన్న థామస్ డ్రేక్ లోపలి నుంచి వాళ్ళకి సాక్ష్యమిచ్చాడు. పత్రికకి కాదు, పరదేశానికి కాదు, చట్టం చూపించిన గుమ్మానికే వెళ్ళారు.

2005 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ వారెంటు లేని నిఘా సంగతి బయటపెట్టింది. (ప్రభుత్వం అడిగిందని ఏడాదికి పైగా తొక్కిపెట్టి మరీ వేసింది.) ఎవరు చెప్పారో వెతకడం మొదలైంది. 2007 జులై 26 పొద్దున బిన్నీ స్నానం చేస్తుంటే ఎఫ్‌బీఐ వాళ్ళు తుపాకీ పట్టుకుని బాత్‌రూంలోకొచ్చారు. అదే రోజు మిగిలిన ముగ్గురి ఇళ్ళలోనూ సోదాలు. నవంబరులో డ్రేక్ ఇల్లు. టైమ్స్‌కి చెప్పింది వీళ్ళెవరూ కాదు. డ్రేక్ బాల్టిమోర్ సన్ విలేఖరితో మాట్లాడాడు, అది ట్రెయిల్‌బ్లేజర్ దుబారా గురించి. అయినా 2010 ఏప్రిల్‌లో అతని మీద పది అభియోగాలు మోపారు. అందులో అయిదు 1917 నాటి గూఢచర్య చట్టం కింద. అన్నీ రుజువైతే 35 ఏళ్ళ జైలు.

ఆ రహస్య పత్రాలేమిటో చూడండి. ఒకటి ఉద్యోగుల్ని మెచ్చుకుంటూ పంపిన ఈమెయిలు. ఇంకొకటి మీటింగుల వివరాలు, దాని మీద రహస్యం కాదని రాసే ఉంది. రహస్యమని డ్రేక్‌కి తెలిసుండాలి అన్నారు ప్రాసిక్యూటర్లు! ప్రభుత్వ రహస్యాల వర్గీకరణకి అధిపతిగా చేసిన విలియం లియొనార్డ్ అనే ఆయనే ఆ ఈమెయిలుకి రహస్య ముద్ర వెయ్యడం తప్పని తర్వాత ఫిర్యాదు చేశాడు. 2011 జూన్‌లో, విచారణకి ముందు, కేసు కూలిపోయింది. కంప్యూటరుని అనుమతికి మించి వాడాడన్న చిన్న నేరం ఒప్పుకుంటే ఏడాది ప్రొబేషన్, 240 గంటల సమాజ సేవ. అన్నేళ్ళు మనిషి నెత్తిన కత్తి వేలాడదీశారని జడ్జి ప్రభుత్వాన్ని గట్టిగానే మందలించాడు. కానీ అప్పటికే ఉద్యోగం పోయింది, పెన్షన్ పోయింది. డ్రేక్ యాపిల్ స్టోర్లో ఫోన్లు అమ్ముకుంటున్నాడు.

సహాయ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేసిన జాన్ క్రేన్ తర్వాత ఒక ఆరోపణ చేశాడు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేర్లని తమ ఆఫీసువాళ్ళే న్యాయశాఖకి చేరవేశారన్నాడు. "పద్ధతి ప్రకారం పైకి చెప్పుకోవచ్చుగా" అని ఎవరైనా అన్నప్పుడు నాకు క్రేన్ మాట గుర్తొస్తుంది.

ఇక 2013 జూన్. ఇక్కడ నా కథ కూడా కొంత ఉంది. ఎడ్వర్డ్ స్నోడెన్ పేరు బయటికొచ్చిన తర్వాతి శనివారం ఒక స్నేహితుడి ఇంట్లో పాట్‌లక్. మగవాళ్ళందరం ప్లేట్లు పట్టుకుని బేస్‌మెంటులో చేరాం. చర్చంతా జీతం గురించే. రెండు లక్షలని అతనన్నాడు, కంపెనీ 1,22,000 డాలర్లంది. "హైస్కూలు కూడా పూర్తిచెయ్యనివాడికి అంతా? మనం ఎమ్మెస్‌లు చేసి ఏం బావుకున్నట్టు?" అన్నాడొకాయన. ఇంకొకాయన అతని గర్ల్‌ఫ్రెండ్ ఫోటోలు ఫోన్లో తీసి చూపించాడు. "ఫోన్లలో ఈ పేరెత్తకండి బాబూ, నా గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు" అని ఇంకొకాయన అంటే అందరం నవ్వాం. ఆ ఇంకొకాయన నేనే.

టీవీల్లో కూడా మా బేస్‌మెంటు చర్చే నడిచింది. పెద్ద పెద్ద వ్యాఖ్యాతలు అతన్ని ఆత్మమోహం పట్టినవాడన్నారు. అధ్యక్షుడు ఒబామా 29 ఏళ్ళ హ్యాకర్ అన్నాడు. అప్పటికి వారం క్రితమే 30 నిండాయనుకోండి. వార్త రాసిన గ్లెన్ గ్రీన్‌వాల్డ్ పాత పన్ను బకాయిలు, పాత వ్యాపార భాగస్వామ్యం, చివరికి అపార్టుమెంటువాళ్ళతో అతని కుక్క బరువు మీద వచ్చిన తగాదా న్యూయార్క్ పత్రిక ఒకటి తవ్వి వేసింది. ఆగస్టులో అతని జీవన సహచరుడు డేవిడ్ మిరాండాని లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఉగ్రవాద చట్టం కింద దాదాపు తొమ్మిది గంటలు కూర్చోబెట్టారు.

అంతగా మాట్లాడుకున్నవాళ్ళలో ఆ మొదటి పత్రం చదివినవాళ్ళు ఎంతమంది? వెరైజన్ బిజినెస్ వాళ్ళకి రహస్య కోర్టు ఇచ్చిన ఆర్డరు నాలుగంటే నాలుగు పేజీలు. ఎవరు ఎవరికి చేశారు, ఏ వేళకి, ఎంతసేపు మాట్లాడారు అన్న రికార్డులు రోజూ ఎన్‌ఎస్‌ఏకి అప్పగించాలని. అమెరికా లోపలి కాల్సే కాదు, ఇక్కడి నుంచి విదేశాలకి చేసేవి కూడా. మాటలు వినరు, నిజమే. కానీ ఇరవయ్యేళ్ళుగా డేటాబేసులతో బతుకుతున్నవాడిగా చెబుతున్నాను, ఆ నాలుగు గడులు చాలు. ఆదివారాలు గుంటూరుకి చేసే కాల్ ఒకరోజు అర్ధరాత్రి వెళ్ళి, మర్నాడు ఎయిర్‌లైన్సుకి వెళ్ళి, తర్వాత పదిహేను రోజులు ఆగిపోతే ఆ ఇంట్లో ఏం జరిగిందో గొంతు వినకుండానే చెప్పొచ్చు. ఆ నాలుగు పేజీలు నేను చదివింది అక్టోబరులో. ఫోటోలు మాత్రం ఆ శనివారమే చూశాను.

స్నోడెన్‌ని అడగవలసిన ప్రశ్నలు లేకపోలేదు. నిఘాతో సంబంధం లేని సైనిక రహస్యాలు అన్ని ఎందుకు తీసుకెళ్ళాడు? 2013 నుంచీ రష్యాలో ఉంటున్నాడు, 2022లో ఆ దేశ పౌరుడయ్యాడు, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఇవి న్యాయమైన ప్రశ్నలే, వీటి మీద నా అభిప్రాయం కూడా ఇప్పటికి రెండు మూడుసార్లు మారింది. 2016 సెప్టెంబరులో ప్రతినిధుల సభ ఇంటెలిజెన్స్ కమిటీ విడుదల చేసిన సారాంశంలో మొదటి ప్రశ్న ఉంది కూడా. కానీ దాని పక్కనే, సైన్యం శిక్షణ మానేసింది కాళ్ళు విరిగి కాదు, కాలి ముందరి ఎముక నొప్పులకి అని ఉంది. హైస్కూలు సమానార్హత పరీక్ష పాసవలేదని కూడా ఉంది. పాసయ్యాడని పాత్రికేయుడు బార్టన్ గెల్‌మన్ మేరీలాండ్ రికార్డులతో సహా చూపించాడు. అమెరికా చట్టసభ అక్షరాలా సర్వీసు రిజిస్టరు తీసింది, తీసి అదీ తప్పు చదివింది.

కాగితం సంగతి కోర్టులు తేల్చాయి. ఆ ఫోను రికార్డుల సేకరణకి చట్టం అనుమతించలేదని 2015లో ఒక అప్పీలు కోర్టు, చట్టవిరుద్ధమని 2020లో ఇంకొకటి చెప్పాయి. ఎవరి హయాంలో డ్రేక్ మీద, స్నోడెన్ మీద కేసులు పెట్టారో ఆ అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ పదవి దిగాక, 2016లో, స్నోడెన్ చేసింది నేరమేననీ, అయినా చర్చ లేవదీసి ప్రజలకి మేలే చేశాడనీ అన్నాడు.

పదవిలో ఉండగా హోల్డర్ ఒకసారి డ్రేక్ పనిచేసే యాపిల్ స్టోరుకి వచ్చాడట. చుట్టూ అంగరక్షకులు. ఫోన్లు చూస్తున్నాడు. డ్రేక్ దగ్గరకెళ్ళి పలకరించి, నా వెంట ఎందుకు పడ్డారో మీకు తెలుసా అని అడిగాడు. తెలుసు అన్నాడట హోల్డర్, అని అటు తిరిగి వెళ్ళిపోయాడట. ఇది డ్రేక్ స్వయంగా చెప్పిన సంగతి.

మొన్న ఆదివారం ఫోన్లో నాన్నకి ఇది చెప్పాను. "ఇంతకీ ఫోను కొన్నాడా?" అని అడిగారు.