చల్లగాలికి చోటు: కారు ఏసీ చరిత్ర, మన ఎండలు



మన సంచికల్లో డి.ఆర్. లెక్కలు, వైద్య బిల్లుల సంగతులు, తీర్థయాత్రల ముచ్చట్లు వస్తుంటాయి. ఈ ప్రత్యేక సంచికకు "మీకు తెలిసిన పని గురించి ఏదైనా రాయండి" అని కార్యదర్శి గారు అడిగారు. నాకు తెలిసిన పని బండ్లు బాగు చెయ్యడం. ప్రభుత్వ జీపులు, కార్ల కింద పడుకుని ముప్పై ఏండ్లు గడిపినవాణ్ణి. అందుచేత బండి గురించే రాస్తున్నాను.

అమెరికాలో టెక్సాస్‌లో ఉండే మా మనవడు పోయిన వేసవిలో ఒక పాత జపాను కారు కొన్నాడు. 1972 నాటి డాట్సన్ 240జెడ్. రెండు సీట్లు, పొడుగాటి ముక్కు, ఆరు సిలిండర్ల ఇంజను. ఫోనులో బొమ్మ చూపిస్తూ "తాతా, దీని ఏసీ కంపెనీలోనే వచ్చిందంటవా, బయట బిగించిందంటవా?" అని అడిగాడు. బానెట్ ఎత్తి చూపించమన్నాను. గొట్టాలు పోయిన తోవ, డాష్‌బోర్డు కింద బాక్సును పట్టుకున్న రేకులు చూసి "బయటదే బిడ్డా" అన్నాను. వాడు వాకబు చేస్తే నిజమే. 240జెడ్‌కు ఏసీని కార్లు అమ్మే డీలర్లే బిగించి ఇచ్చేవారట. "ఇంత మంచి కారు చేసినోళ్లు ఏసీ ఎందుకు పెట్టలేదు?" అని వాడి రెండో ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ పోతే ప్రపంచం చరిత్రతో పాటు నా ఉద్యోగం చరిత్ర కూడా బయటపడింది.

ముందు ఏసీ పని చేసే తీరు రెండు మాటల్లో చెబుతాను. కొత్త కుండలో నీళ్లు చల్లబడేది ఎందుకు? చెమ్మ ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతుంది. కారు ఏసీలోనూ జరిగేది అదే. కాకపోతే కుండ చెమ్మ గాలిలో కలిసిపోతుంది, ఏసీ గ్యాసు మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఆ గ్యాసును నొక్కుతుంది. నొక్కగానే అది వేడెక్కుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి, గ్యాసు ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నని సందులోంచి దూకి, లోపలి కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతుంది. అప్పుడు కారులోని వేడిని లాక్కుంటుంది.

దీన్ని బట్టి ఒక సంగతి తెలుస్తుంది. ఏసీ అనేది విడిగా పని చేసే పెట్టె కాదు. ఇంజను బలంలోంచి కొంత తింటుంది. రేడియేటర్‌కు పోయే గాలిని ముందే వేడి చేస్తుంది. బ్యాటరీ మీద భారం వేస్తుంది. కాబట్టి కారును గీసేనాడే దానికి చోటు ఆలోచించాలి. తర్వాత తగిలిస్తే ఏదో ఒకటి ఏడుస్తుంది.

ఈ పాఠం అమెరికా వాళ్లూ దెబ్బలు తినే నేర్చుకున్నారు. కంపెనీ తరఫున ఏసీ ఇచ్చిన తొలి కారు ప్యాకార్డ్. 1939లో చూపించి, 1940 మోడళ్లకు ఇచ్చారు. ధర 274 డాలర్లు. కూలింగ్ కాయిల్ వెనక డిక్కీలో సగం చోటు ఆక్రమించేది. కంప్రెసర్‌కు క్లచ్ లేదు. చలికాలంలో అది తిరగకుండా ఉండాలంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. కొద్ది ఏండ్లకే దాన్ని ఆపేశారు.

చోటు సంగతి తేల్చింది నాష్ అనే కంపెనీ. 1954లో ఏసీ భాగాలన్నీ ముందు భాగంలోనే, హీటరుతో కలిపి అమర్చింది. ఆ కారు పేరు మీకు నవ్వు తెప్పిస్తుంది: అంబాసిడర్! నాష్ వేరే కంపెనీతో కలిసి అమెరికన్ మోటార్స్ అయ్యాక, 1968 మోడల్ అంబాసిడర్ కార్లన్నింటికీ ఏసీని అదనపు రేటు లేకుండా కారుతో పాటే ఇచ్చారు. మన అంబాసిడర్‌కు, దానికి పేరులో తప్ప చుట్టరికం లేదు. మనది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. ఆ అంబాసిడర్ చల్లగాలి పోసుకుంటున్న రోజుల్లో మన అంబాసిడర్‌లో ఉన్న ఏసీ అల్లా అద్దం పక్కన ఉండే చిన్న మూడు మూలల అద్దమే. దాన్ని తిప్పి పెడితే గాలి ముఖానికి కొట్టేది. వైశాఖంలో ఆ గాలి కొలిమి గాలే.

ఇక జపాను. 1967లో టొయోటా వాళ్లు 2000జీటీ అనే రేసు గుర్రంలాంటి కారు తెచ్చారు. 1970 దాకా మొత్తం నాలుగు వందలు కూడా తయారు కాలేదు. చివర్లో వచ్చిన కొన్నింటికి ఏసీ పెట్టారు. దానికి గాలి అందడానికి ముందు జాలీ కింద ఇంకో నోరు తెరవవలసి వచ్చింది. అంత అందమైన ముఖానికి కోత పెట్టారంటే కారణం, గీసేనాడు ఆ సంగతి లెక్కలో లేకపోవడమే అని నా అంచనా.

1969 అక్టోబరులో నిస్సాన్ వాళ్లు జెడ్ కారు తెచ్చారు. జపానులో దాని పేరు ఫెయిర్‌లేడీ జెడ్, అమెరికాలో డాట్సన్ 240జెడ్. అమెరికాలో దాన్ని నిలబెట్టిన యుతాకా కతయామా గారు 2015లో 105 ఏండ్ల వయసులో కన్నుమూశారు. మూడున్నర వేల డాలర్లకు అంత వేగం ఇవ్వడమే ఆ కారు బలం. చల్లదనం కావలసినవాడు వేరే డబ్బులు పెట్టుకుని డీలరు దగ్గర బిగించుకోవాలి. టెక్సాస్, అరిజోనా ఎండల్లో ఏసీ లేని కారును ఎవరు భరిస్తారు? 1978లో 280జెడ్ఎక్స్ వచ్చే నాటికి ఆ వంశం సుఖం వైపు బాగా మొగ్గింది.

మరో సంగతి విన్నాక నవ్వొచ్చింది. 1990లో హోండా వాళ్ల ఎన్ఎస్ఎక్స్ వచ్చింది. అల్యూమినియం ఒంటితో చేసిన గొప్ప కారు. 1992లో దానికే రేసు రకం ఒకటి చేశారు. బరువు 120 కిలోల దాకా తగ్గించాలని రేడియో, స్పేర్ టైరుతో పాటు ఏసీని కూడా పీకేశారు. ఏసీకి చోటు చేయడానికి ముప్పై ఏండ్లు తంటాలు పడి, చివరికి తీసేస్తే ఎక్కువ ధర! అయితే అది సరదాకు ఎండ ఓర్చుకునేవాళ్ల సంగతి. బతుకుదెరువుకు ఓర్చుకునేవాళ్ల సంగతి వేరు. ఇక మన ఊళ్లకు వస్తాను.

ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలు. 2016 అక్టోబరు 11కు ముందు అవన్నీ వరంగల్ జిల్లాయే. మన కొలువులన్నీ ఆ దారుల్లోనే తిరిగాయి. ఆఫీసు కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి, అటెండరు గంటకోసారి నీళ్లు చల్లేవాడు. ఆ వాసన మీలో చాలామందికి యాది ఉండే ఉంటుంది. బండికి ఆ భాగ్యం లేదు. తడి తువ్వాల మెడకు చుట్టుకోవడమే ఏసీ.

1980ల నడిమిలో మా దగ్గర ఒక పెద్దాఫీసరు అంబాసిడర్‌కు హైదరాబాదులో ఏసీ బిగించుకొచ్చారు. ఎస్టిమేటు రాసింది నేనే. వారంలో మంజూరైంది. ఆ మే నెలలో జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ పోతుంటే పాలకుర్తి దాటక ముందే ఇంజను మరిగి ఆవిరి చిమ్మింది. రైతు బావి దగ్గర బండి ఆపి, చల్లారేదాకా చెట్టు కింద కూర్చుని, బిందెలతో నీళ్లు మోసి పోశాం. ఇంజను బలం యాభై హార్స్‌పవర్ దరిదాపు. రేడియేటర్ పాతది. దాని ముందు ఇంకో వేడి జాలీ నిలబెడితే మరగక ఏం చేస్తుంది? ఆ తర్వాత ఏసీ ఉన్నా ఎండలో వెయ్యరాదు, సాయంత్రం చల్లబడ్డాక వేసుకోవచ్చు!

ఆ ఎస్టిమేటుతో పాటు ఇంకో కాగితం కూడా పెట్టాను. అది జీపు కోసం. మా డీజిల్ జీపులో ఇంజను వేడి రేకులోంచి డ్రైవరు కాళ్లకు కొట్టేది. పైన రెక్సిన్ టాపు పలుచన. రేకు కింద వేడి ఆపే పట్టీ, పైన మందపాటి కాన్వాసు వేయిద్దామని రాశాను. కారు ఏసీలో పదో వంతు ఖర్చు కూడా కాదు. "నిధులు లేవు" అని తిరిగొచ్చింది. మరోసారి పంపవలసింది. పంపలేదు. పెద్దవాళ్ల కళ్లలో పడటం ఎందుకని ఊరుకున్నాను.

మరుసటి ఏడు రోహిణి కార్తెలో ఆ జీపు భూపాలపల్లి పోయింది. లోపల మీటింగు. బయట నీడలేని చోట జీపు. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు కనుక డ్రైవరు బండి విడిచి పోలేదు. మీటింగు ముగిసి వచ్చేసరికి స్టీరింగు మీద వాలి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. వడదెబ్బ. సెలైన్లు ఎక్కించి బతికించారు. కానీ మళ్లీ ఎండాకాలంలో బండి నడపలేకపోయాడు. రిటైరయ్యేదాకా గేటు దగ్గర కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కాగితం సంగతి ఆయనకు తెలియదు కూడా. ఇన్నేండ్లకు ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీలోనే అమర్చిన ఏసీ అంటే ఏమిటో నేను కళ్లారా చూసింది మారుతి 800లో. జపాను సుజుకీతో కలిసి కట్టిన ఆ కారు మొదటి తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారి చేతుల మీదుగా అందాయి. ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు. మన అంబాసిడర్ ఇంజనులో సగం. 1985లో నిప్పన్‌డెన్సో, సుజుకీల తోడుతో సుబ్రోస్ అనే కంపెనీ ఏర్పడి కారు ఏసీలు మన దేశంలోనే తయారు చేయసాగింది. మా షెడ్డుకు వచ్చిన మొదటి ఏసీ మారుతి బానెట్ ఎత్తి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ప్రతి గొట్టానికి ముందే చోటు ఉంది. ఏసీ వెయ్యగానే ఇంజను ఆగిపోకుండా కొద్దిగా రేసు పెంచే చిన్న ఏర్పాటు కూడా ఉంది. అంత చిన్న ఇంజను కాబట్టి లారీని దాటేటప్పుడు, వంతెన ఎక్కేటప్పుడు డ్రైవర్లు ఏసీ బటన్ ఆపేవాళ్లు. అయినా అది మరగలేదు. పెద్ద ఇంజనుతో మేం చేయలేనిది, ముందే ఆలోచించినవాళ్లు చిన్న ఇంజనుతో చేసి చూపించారు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఏసీల్లో ఆర్-12 అనే గ్యాసు ఉండేది. రిపేరుకు వస్తే నట్టు వదులు చేసి గాలిలోకి వదిలేసేవాళ్లం. అది ఆకాశంలోని ఓజోను పొరను తింటుందని 1974లోనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. ఆ తర్వాత ఆర్-134ఎ వచ్చింది. అది ఓజోనుకు హాని చెయ్యదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు మించింది. లోపల చల్లబడటానికి బయటి ఎండను పెంచుకోవడం తగదు. అందుకే మీ కారు గ్యాసు నింపించేటప్పుడు పాత గ్యాసును గాలికి వదలకుండా యంత్రంతో పట్టే చోటుకే పోండి.

2015 వేసవిలో వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. ఇప్పుడు మన పిల్లల కార్లన్నీ ఏసీవే. మరి భూపాలపల్లి బొగ్గు లారీల డ్రైవర్లకో? 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. ప్యాకార్డ్ నుంచి లెక్కేస్తే 86 ఏండ్లు. డబ్బున్నవాడి సరదాకు ముందొచ్చింది, ఆఫీసరుకు తర్వాతొచ్చింది, రోజంతా ఇంజను పక్కన కూర్చునేవాడికి చివరికొచ్చింది. పాత లారీలకు ఆ నియమం వర్తించదు. అవి ఇంకా చాలా ఏండ్లు మన రోడ్ల మీద తిరుగుతాయి.

మనవడికి ఇదంతా ఫోనులో చెప్పాను. "చోటు ముందే ఆలోచించలేదు బిడ్డా, అంతే" అన్నాను. వాడు ముందుగా పెద్ద రేడియేటర్ వేయించి, తర్వాతే ఏసీ జోలికి పోతానన్నాడు. మంచి నిర్ణయం.

సభ్యులకు మూడు మనవులు. ఎండలో నిలిపిన కారులో పిల్లల్ని, పెద్దవాళ్లను క్షణం కూడా వదిలి పోకండి. మూసిన షెడ్డులో ఇంజను నడిపించి ఏసీలో నిద్రపోకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. పెండ్లికో, దవాఖానకో బండి కిరాయికి మాట్లాడుకున్నప్పుడు డ్రైవరుకు నీడ చూపించి, ఒక సీసా చల్లని నీళ్లు ఇచ్చి, ఎంతసేపు పడుతుందో చెప్పి లోపలికి పోండి. మా జీపు డ్రైవరుకు ఆ రోజు ఆ మాత్రం చెప్పినా ఆయన చెట్టు కిందికి పోయి కూర్చునేవాడు.

శలవు.