ఇనుము చెప్పు మాట, ఇనుము మన్నించు తప్పు

గోల్ఫ్ అను ఆట మన పల్లెపట్టుల కింకను రాలేదు. హైదరాబాదున గోలకొండ కోట చెంతను, విశాఖపట్టణమునను దానికై పెంచిన పచ్చికబయళ్లు కలవు గాని, ఊళ్లలోని పెద్దలు ఆ యాటను దగ్గఱ నుండి చూచియుండుట అరుదు. అయినను నేనీపూట ముచ్చటింపబూనినది ఆటను గూర్చి కాదు, ఆ యాటలో వాడు ఇనుప పనిముట్టును గూర్చి. కొలిమి యెదుట కూర్చుండి నాగటికఱ్ఱు సాగగొట్టించుకొన్న వారి కెవ్వరికిని ఈ విషయము క్రొత్తదిగ తోచదు.

ముందుగా ఆట యెట్టిదో రెండు మాటలలో చెప్పెదను. మన బిళ్లంగోడులో బిళ్ల గాలిలోనికి లేచిన పిదప కొట్టుదురు. ఇందు బంతి నేలపై కదలక పడియుండగానే కొట్టవలెను. బంతి అడ్డుకొలత 1.68 అంగుళములు. అది చేరవలసిన గుంట వెడల్పు 4¼ అంగుళములు. నడుమ దూరము మూడు నాలుగు వందల గజములు. అట్టి గుంటలు 18. అన్నిటిని తక్కువ దెబ్బలలో ముగించినవాడు గెలిచినవాడు. ఒక్కొక్కడు 14 కఱ్ఱల వఱకు వెంట నుంచుకొనవచ్చును. వానిలో సగమునకు పైగ ఇనుపతల గలవి. తల ముఖము ఎంత వెనుకకు వాలియున్న బంతి యంత యెత్తు లేచి యంత దగ్గఱ పడును. అందుచేతనే ఇన్ని కఱ్ఱలు.

ఈ ఇనుపతల విషయమున ఆటగాండ్రు రెండు కోరికలు కోరుదురు. బంతి తలమీద ఎచ్చట తగిలినదో చేతికి స్పష్టముగ తెలియవలె నన్నది మొదటిది. దీనిని స్పర్శ యందము. తగులవలసిన చోట తగులక ప్రక్కన తగిలినను బంతి దారి తప్పరా దన్నది రెండవది. దీనిని మన్నింపు అందము. తప్పును ఉన్నదున్నట్లు చెప్పు ఇనుము దానిని మన్నింపదు, మన్నించు ఇనుము చెప్పదు అని చాలకాలము లోకులు నమ్మియుండిరి. ఆ నమ్మకము ఎట్లు పుట్టెనో, అందు నిజమెంతయో చూడవలసియున్నది.

ఆటకు పుట్టినిల్లు స్కాట్లండు. 1457లో అచ్చటి రాజసభ, ప్రజలు విలువిద్య మాని ఈ యాట వెంట బడుచున్నారని దానిని నిషేధించెను. ఆ శాసనము ఎంతవఱకు సాగెనో తరువాతి చరిత్రయే చెప్పుచున్నది. తొలుత తలలు చాలవఱకు కొయ్యవి. బంతి యనగా తోలుసంచిలో ఉడికించిన బాతుఈకలు కూరి కుట్టినది. ఇనుము తగిలిన అది చినుగును, దాని వెల స్వల్పము కాదు. కావున ఇనుపకఱ్ఱను ఆపద్ధర్మముగ మాత్రమే బయటికి తీసెడివారు. బండిచక్రముల గాడిలో దిగబడిన బంతిని వెలికి తీయుటకు ప్రత్యేకముగ ఒక చిన్నతల ఇనుము ఉండెడిది. గోల్ఫ్ ఇనుమునకు బండిగాడితో నింత చుట్టఱిక మున్నదని తెలిసినప్పుడు నాకు ఆ యాటపై కొంత ఆదరము కలిగినది.

1848 ప్రాంతమున మలయా దేశపు చెట్టుపాలను గడ్డకట్టించి చేసిన బంతి వచ్చెను. దానిని గట్టాపర్చా యందురు. అది చౌక, ఇనుపదెబ్బకు చినుగదు. పైగా ఒక వింత జరిగెను. నున్నని క్రొత్తబంతి సరిగ నెగురలేదు, ఇనుపదెబ్బల గాట్లు పడిన పాతబంతి చక్కగ నెగిరెను. అది చూచి పనివారు క్రొత్తబంతికే సుత్తితో గాట్లు పెట్టనారంభించిరి. నాటినుండి ఇనుమునకు గౌరవము హెచ్చినది, కమ్మరికి పని హెచ్చినది.

ఆ కమ్మరులను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఎఱ్ఱగ కాలిన ఇనుపకడ్డీని దాగలిపై నుంచి సాగగొట్టి, ఒక కొన వెడల్పుచేసి, రెండవకొనను చుట్టి కాడ దూర్చు గొట్టముగ మలచెడివారు. మన కమ్మరి పాఱకు చేయునదియు ఇంచుమించుగ నదియే. సెంట్ ఆండ్రూస్ పట్టణమున టామ్ స్టువర్టు అనువాడు తన పనిపై పొగత్రాగు గొట్టము గుర్తు నద్దెడివాడు. కాండీ యనువాని గుర్తు గులాబిపూవు. 1930లో ఒక్క యేటనే బ్రిటను, అమెరికాల నాలుగు గొప్ప పోటీలను గెలిచిన బాబీ జోన్సు చేతి ఇనుములలో స్టువర్టు కొట్టినవి కలవు. ఈ తలలు వీపున చదునుగ, రేకువలె పలుచగ నుండెడివి. బరువంతయు ఒక్కచోట, నడుమ కుదురుకొని యుండెడిది. వీనికే బ్లేడు అని పేరు. కమ్మరిసుత్తికి సహజముగ వచ్చు ఆకార మదియే గాని, ఎవ్వరును ఆలోచించి ఏర్పఱచినది కాదు.

1929లో సెంట్ ఆండ్రూస్ పెద్దలు కొయ్యకాడకు బదులు ఉక్కుకాడను అంగీకరించిరి. అంతటితో కఱ్ఱలన్నియు ఒకే తీరున, వరుస అంకెలతో యంత్రశాలలలో తయారగుట సాధ్యమయ్యెను. కొందఱు 20కి పైగ మోయించుకొని తిరుగసాగిరి. అందువలననే 1938లో అమెరికాయందును, 1939లో బ్రిటనుయందును 14 అను హద్దు పెట్టబడెను.

బ్లేడుల కాలమునకు ఒక్క పేరు చెప్పుమన్నచో నేను బెన్ హోగన్ అందును. టెక్సస్ వాడు. 1949 ఫిబ్రవరిలో అతని కారును బస్సు గుద్దగా ఎముకలు విఱిగి, మరల నడచునా యని సంశయింపబడెను. పదునాఱు నెలలకు 1950 జూనులో మెరియన్ మైదానమున అమెరికా ఓపెన్ పోటీలో నిలిచి, కడపటి గుంటకడ అన్నిటిలో కష్టమైన ఒకటవ నంబరు ఇనుముతో బంతిని పచ్చికదిమ్మె పైకి చేర్చి, మఱునాటి తీర్పు ఆటలో గెలిచెను. ఆ ఇనుము దొంగిలింపబడి, దశాబ్దముల పిదప దొరకి, నేడు అమెరికా గోల్ఫ్ సంఘపు ప్రదర్శనశాలయందున్నది. దాని ముఖముపై ఒక్కచోటనే అరిగిన గుర్తు కలదు. దినమున కన్ని గంటలు, ఇన్ని సంవత్సరములు కొట్టినను అరిగినది ఆ యొక్కచోటనే! అట్టి చేతికి మన్నింపుతో పనియేమి?

కాని లోకమున హోగనులు ఎందఱు? సాయంకాలము పని ముగించుకొని వచ్చి కొట్టు గుమాస్తాకు, డాక్టరుకు, దుకాణదారునకు బంతి తలమీద నలుమూలల తగులును. వీరిని తలచినవాడు కార్స్టెన్ సోల్‌హైమ్. 1911లో నార్వే దేశమున బెర్గెన్ నగరమున పుట్టి, పసితనముననే అమెరికా చేరి, చెప్పులు కుట్టి బ్రతికి, తరువాత యంత్రశాస్త్రము నేర్చినవాడు. నలువది దాటిన పిదప గోల్ఫ్ మొదలిడెను. తన దెబ్బలు ఏల తప్పుచున్నవో లెక్కగట్టి, 1959లో తన యింటి గ్యారేజీలో ఒక కఱ్ఱ చేసెను. అది బంతిని తాకినప్పుడు చేసిన ధ్వనినిబట్టి దానికి పింగ్ అని పేరిడెను.

అతని యాలోచన మనకు కావడిని చూచిన తెలియును. ఒకే బరువును మూటగ నెత్తిన పెట్టుకొన్నవాడు చిటికెలో వెనుదిరుగును. అదే బరువును రెండు కుండలలో పోసి కావడికి రెండుకొనల వ్రేలాడదీసినవాడు తిరుగుటకు నెమ్మది కావలెను, కావడి త్రిప్పనీయదు. ఇనుపతలయందును నట్లే. బరువు నడుమనుండిన, బంతి కొనకు తగిలినపుడు తల గిఱ్ఱున తిరిగి బంతి ప్రక్కకు పోవును. వీపు నడుమ గుంటచేసి ఆ లోహమును రెండుకొనలకును అడుగునకును పంచిన తల అంతగా తిరుగదు, బంతి దాదాపు తిన్నగ పోవును. మన్నింపు అనగా ఇంతియే. ఇందు కొట్టుట, పోయుట అను భేదమే లేదు, బరువు ఎచ్చట నున్నదన్నదే ప్రశ్న.

అయితే అట్టి గుంటల ఆకారమును సుత్తితో తీయుట కష్టము. అందుచేత సోల్‌హైమ్ పోతపనికి మఱలెను. మైనముతో నమూనా చేసి, దానిచుట్టు పెంకు కట్టి, మైనమును కరగించి ఆ ఖాళీలో లోహము పోయుట అతని పద్ధతి. మన స్థపతులు పంచలోహ విగ్రహములకు వేలయేండ్లుగ వాడునది యిదియే. దీనిని శిల్పులు మధూచ్ఛిష్టవిధాన మందురు. 1969లో ఈ రీతిగ పోసిన అతని ఇనుములు వచ్చెను. 1980ల నాటికి ఇట్టివి అమెరికాయందు విస్తారముగ అమ్ముడుపోయినవి.

అప్పుడు పుట్టినది నేను మొదట చెప్పిన నమ్మకము. కొట్టిన ఇనుములన్నియు బ్లేడులు, పోతవన్నియు వీపున గుంట గలవి. కావున కొట్టినదానికి స్పర్శ, పోతదానికి మన్నింపు అని జనులు విభజించుకొనిరి. రెండు వేఱు విషయములను ముడివేసిరి. వర్తకులకు ఆ ముడి లాభసాటి గనుక వారును విప్పలేదు.

ఇక స్పర్శ మాట. మెత్తని ఇనుము బంతిని మెత్తగ తాకునని చెప్పుదురు. ఇనుమెంత మెత్తనిదైనను బంతికంటె ఎన్నియో రెట్లు గట్టిది. బంతి ముఖమును తాకియుండునది సెకండులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ వార్త కాడవెంబడి చేతికంది బుద్ధికి చేరునప్పటికి బంతి కొన్ని గజములు పోయియుండును. కావున స్పర్శ ఆ దెబ్బకు పనికిరాదు, తరువాతి దెబ్బకు పనికివచ్చును. ఆటగాడు నేర్చుకొనుట దానివలననే. దానికొఱకు ధనము వెచ్చించువారిని నేను పరిహసింపను. కాని ఆ వార్తలో సింహభాగము చెవికి వచ్చునదే. నేను గొప్ప ఆటగాడను గాకున్నను, ఒకమాఱు చెవులలో దూది పెట్టుకొని రెండువిధముల ఇనుములను మార్చి మార్చి కొట్టి చూచితిని. దూది లేనప్పుడు పగలు రాత్రివలె కనబడిన భేదము దూదితో సంధ్యవలె మసకబాఱినది. కంచుపళ్లెమును వ్రేలితో తట్టి మంచిచెడ్డలు చెప్పు మన పెద్దలకు ఇది ఆశ్చర్యము గాదు.

ముడిని విప్పుటలో జపానువారి పాలు పెద్దది. హిమేజీ ప్రాంతమున ఇచికావా అను ఊరు నేటికిని కొట్టిన ఇనుములకు పేరుపడినది. ఒసాకాలో 1906లో స్థాపింపబడిన మిజునో సంస్థ హిరోషిమా కొలుములలో ఇనుపకడ్డీ పోగు తెగకుండ తల మొదలు గొట్టము వఱకు ఒకే కడ్డీనుండి సాగదీయు పద్ధతికి ప్రసిద్ధి. 1997 మాస్టర్సు పోటీని టైగర్ వుడ్సు 12 దెబ్బల తేడాతో గెలిచినపుడు అతని చేతనున్నవి మిజునో ఇనుములే. వీరు వాడు ఉక్కులో బొగ్గుపాలు నూటికి కాలుపాలు మాత్రమే. ఇచ్చట నిజామాబాదు జిల్లా కోనసముద్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. అచ్చటి మూసలలో కరగిన ఉక్కును పారశీక వర్తకులు కత్తులకై కొనిపోయెడివారు. అందు బొగ్గుపాలు నూటికి ఒకటికి మించి యుండెడిది. కత్తికి కాఠిన్యము కావలెను, గోల్ఫ్ తలకు సాగుబాటు కావలెను.

ఈనాటి కొలిమిలో సమ్మెట పట్టు మనిషి లేడు. కాలిన కడ్డీని ఉక్కు అచ్చుల నడుమ నుంచి యంత్రపుసుత్తి మరల మరల దించును, అంచులు కత్తిరించి, సాన పట్టుదురు. అచ్చులు, కోతయంత్రములు బాగుపడినకొలది కొట్టిన తలకును వీపున గుంట వచ్చినది. 1980ల చివరినుండి అట్టివి విపణిలో కలవు. తరువాత ఇనుమునకు రెండున్నర రెట్లు బరువైన టంగ్‌స్టన్ ముక్కలను కొనలలో పొదుగుట మొదలైనది. 2017లో టేలర్‌మేడ్ వారి పి790 కొట్టిన ముఖముతో, లోపల డొల్లగ వచ్చెను. అందుచేత కొట్టినది యను ఒక్క మాట నేడు ఏమియు చెప్పదు. బ్లేడును కొట్టినదే, డొల్లతలయు కొట్టినదే.

మీ మనుమలలో ఎవరైన పట్టణమున ఈ యాట నేర్చుచు, ఏది కొనవలెనని యడిగినచో నేను చెప్పునది యిది. అంగడికి పోయినపుడు ముఖముపై పిడికెడు ముగ్గుపిండి రుద్ది పది బంతులు కొట్టుము. గుర్తులన్నియు రూపాయి బిళ్లంత చోట పడిన పలుచని వీపుగల ఇనుమును తీసికొనుము. ముఖమంతట చెదరిన, గుంటవీపు గలది నీది. ఇందు చిన్నతనము లేదు. పిదప తల అడుగు చూడుము. తడినేలపై వెడల్పు అడుగు దిగబడదు, గట్టినేలపై సన్నని అడుగు మేలు. దూరము పోవు ఇనుములను మన్నించునవిగను, గుంటదగ్గఱ వాడు వానిని పలుచనివిగను కలిపి కొనుట నా మతమున ఉత్తమము. దూరపుదెబ్బలో తప్పు పెద్దది, దగ్గఱదెబ్బలో చేతియెఱుక ముఖ్యము. వయసు మీఱిన ఆటగాండ్రు అన్నియు మన్నించునవే తీసికొనుట మంచిది.

అంకెను నమ్మరాదు. 1970ల నాటి ఏడవ నంబరు ముఖము వాలు 35 డిగ్రీలకు మించియుండగా, నేడు ఎన్నియో ఏడవ నంబరులు 30కి తగ్గియున్నవి. బంతి దూరము పోయినది ఇనుము మహిమచేత కాదు, అంకె మారుటచేత.

కొట్టిన మెత్తని ఉక్కునకు ఎవ్వరును కాదనలేని మేలొకటి కలదు. ఆటగాని పొడవును, నిలుచు తీరునుబట్టి గొట్టమును పట్టుకారులో బిగించి ఒకటి రెండు డిగ్రీలు వంచి సరిచేయవచ్చును. గట్టి పోత ఉక్కు కొన్నిటియందు వంగదు, మొండిగ నొత్తిన విఱుగును. ఈ పని మన యూరి కమ్మరియు చేయగలడు గాని, వంచిన కోణమును కొలుచు పరికరము మాత్రము పట్టణము నుండి తెప్పింపవలెను.