టీ గ్లాసులో ఐసుముక్క: చల్లని తేనీటి వెనుక చరిత్ర

వేసవి మధ్యాహ్నం ఇంటికి వచ్చిన చుట్టానికి ఐస్ టీ ఇవ్వడం ఇవాళ పెద్ద పనేమీ కాదు. కాస్త చిక్కని టీ డికాషన్, గుప్పెడు ఐసుముక్కలు, పంచదార, ఒక నిమ్మచెక్క ఉంటే చాలు. వీటిలో పంచదార, నిమ్మకాయ మన దేశానికి చాలా పాతవి. తేయాకు, ఐసు ఈ రెండింటి సంగతి వేరు. మన దేశంలో ఐసు వ్యాపారం, తేయాకు తోటల సాగు ఒకే నగరంలో, ఒకే గవర్నర్ జనరల్ హయాంలో, కొద్ది నెలల తేడాతో మొదలయ్యాయి. 1833 సెప్టెంబరులో అమెరికా ఐసు కలకత్తా రేవులో దిగింది. 1834 మొదట్లో అదే కలకత్తాలో లార్డ్ విలియం బెంటింక్ తేయాకు సంఘాన్ని నియమించాడు. అయినా ఐస్ టీ ఇంటింటి పానీయంగా స్థిరపడింది కలకత్తాలో కాదు, అమెరికాలో. ఎందుకిలా జరిగిందో చూద్దాం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఆంగ్లేయులు వచ్చేదాకా మనవారికి చల్లదనం తెలియదనుకోవడం పొరపాటు. మట్టికూజా సంగతి అందరికీ తెలిసిందే. అక్బరు కొలువులో నీటిని సురేకారంతో చల్లబరిచేవారని అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో రాశాడు. నీళ్లలో సురేకారం కరిగేటప్పుడు ఆ ద్రావణం చుట్టూ ఉన్న ఉష్ణాన్ని పీల్చుకుంటుంది. మూతి బిగించిన నీటిపాత్రను ఆ ద్రావణంలో ఉంచి పావుగంట తిప్పితే లోపలి నీరు చల్లబడుతుంది. 1586లో కొలువు లాహోరులో ఉన్నప్పటి నుంచి ఉత్తరపు కొండల మంచును పడవల మీద, బండ్ల మీద, మనుషుల భుజాల మీద తెప్పించేవారు.

ఇంతకంటే విచిత్రమైన పద్ధతి గంగా మైదానంలో ఉండేది. సర్ రాబర్ట్ బార్కర్ అనే సైనికాధికారి దాన్ని 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. చలికాలంలో అలహాబాదు వంటి చోట్ల రెండడుగుల లోతున వెడల్పాటి గుంటలు తవ్వి, అడుగున ఎండు చెరకుగడలు, చొప్పదంట్లు మందంగా పరిచేవారు. వాటి మీద వరసగా లోతులేని మట్టి మూకుళ్లు పెట్టి, పొద్దుగూకే వేళ కాచి చల్లార్చిన నీరు పోసేవారు. తెల్లవారకముందే వెళ్లి చూస్తే మూకుళ్లలో ఐసు పెంకులు! గాలి ఉష్ణోగ్రత సున్నాకు పైనే ఉన్నా నీరు గడ్డకట్టేది. నిర్మలమైన రాత్రి ఆకాశంలోకి నీరు తన ఉష్ణాన్ని వికిరణంగా వదిలేస్తుంది. కింద ఉన్న చొప్ప నేలలోని వెచ్చదనాన్ని పైకి రానివ్వదు. ఇవాళ భౌతికశాస్త్రంలో రాత్రి వికిరణ శీతలీకరణ అని చెప్పుకునే విషయాన్ని ఆ పనివాళ్లు పుస్తకం లేకుండానే సాధించారు. వారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. బార్కర్ పేరు మిగిలింది.

ఈ ఐసు చలికాలపు పంట. దాన్ని గొయ్యిలో గడ్డి కప్పి వేసవిదాకా దాచేవారు. మట్టి, గడ్డి కలిసిన ఆ ఐసు పాత్రను బయటినుంచి చల్లబరచడానికి పనికివచ్చేది గాని గ్లాసులో వేసుకునేందుకు అంత బాగుండేది కాదు. అంతలో బోస్టన్ నుంచి ఓడ వచ్చింది.

ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ వ్యాపారి. చలికాలంలో తన ఊరి చెరువులు గడ్డకడితే ఆ గడ్డలను కోసి వేడి దేశాలకు అమ్ముదామన్న ఆలోచన అతనిది. 1806లో మొదటి ఓడను కరీబియన్ దీవి మార్టినీక్‌కు పంపినప్పుడు ఊరంతా నవ్వింది. మొదటి ఏళ్లలో నష్టపోయాడు, అప్పులకు జైలుకూ వెళ్లాడు. నిలదొక్కుకోవడానికి రెండు సంగతులు తోడ్పడ్డాయి. ఒకటి, 1825 ప్రాంతంలో నథానియల్ వైత్ రూపొందించిన గుర్రపు నాగలి. దానితో చెరువు మీద గళ్లు గీసినట్టు కోస్తే ఐసు సమాన దిమ్మలుగా వచ్చేది. సమాన దిమ్మలను సందులేకుండా పేర్చవచ్చు. రెండవది రంపపు పొట్టు. అమెరికా కోత మిల్లుల్లో అది ఊరికే పారబోసే సరుకు. దాని రేణువుల మధ్య చిక్కుకున్న గాలి ఉష్ణాన్ని లోపలికి పోనివ్వదు.

1833 మే నెలలో 'టస్కనీ' అనే ఓడ సుమారు 180 టన్నుల ఐసుతో బోస్టన్ వదిలింది. దాదాపు నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. విద్యార్థులు దీన్ని నమ్మరు. అప్పుడు నేను గుప్తోష్ణం గుర్తుచేస్తాను. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఒక గ్రాము ఐసు కరగాలంటేనే 80 కేలరీల ఉష్ణం కావాలి. అదే ఉష్ణం ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలదాకా వేడెక్కిస్తుంది. పైగా దిమ్మలన్నీ కలిసి ఒకే పెద్ద గుట్ట అయితే దాని పరిమాణంతో పోల్చితే బయటి ఉపరితలం తక్కువ. ఉష్ణం చొరబడే తోవ ఆ ఉపరితలమే.

కలకత్తా ఆంగ్లేయ సమాజం ఈ ఐసును పండుగలా అందుకుంది. సుంకం ఎత్తివేశారు, రాత్రిపూట సరుకు దింపుకోనిచ్చారు, చందాలు వేసుకుని ఐసు గిడ్డంగి కట్టారు. ఐసు తెచ్చిన రోజర్స్‌కు బెంటింక్ వెండి పాత్ర బహూకరించాడు. 1842లో మద్రాసు సముద్రతీరాన మరో గిడ్డంగి లేచింది. అప్పట్లో మద్రాసుకు ఓడరేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, అలల మీద కొబ్బరితాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు ఒడ్డుకు వచ్చేది. అందుకే ఆ భవనం నీళ్లకు అంత దగ్గరలో ఉంది. ఐసు వ్యాపారం పోయాక బిళిగిరి అయ్యంగార్ అనే న్యాయవాది దాన్ని కొని ఇల్లుగా మార్చుకున్నాడు. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద అక్కడే బస చేశారు. 1963 నుంచి అది వివేకానందర్ ఇల్లం. అయినా తిరువల్లిక్కేణిలోని ఆ పేటను జనం ఇప్పటికీ ఐస్‌హౌస్ అనే అంటారు.

ఈ ఐసు ఎవరి కోసం? ఇక్కడే మన ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఐసు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల్లో దిగి అక్కడి దొరల బంగళాలకు, సంపన్నుల ఇళ్లకు వెళ్లేది. వారికి అది వైన్‌లో, బీరులో, మంచినీళ్లలో వేసుకునే వస్తువు. జ్వరపు రోగి నుదుటికి వైద్యుడు రాసే మందు. తేనీరు వారికి వేడిగా తాగవలసినది, ఇంగ్లండు మర్యాద అది. అప్పటివరకూ పానీయాలు చల్లబరచడానికే 'ఆబ్దార్' అనే పనివాడు ఒకడు ఇంట్లో ఉండేవాడు. సురేకారంతో సీసాలు తిప్పడం అతని విద్య. అమెరికా ఐసు రాగానే ఆ విద్యకు గిరాకీ పడిపోయింది. కొత్త వస్తువు వచ్చినప్పుడు ఎవరి చేతిపని పోయిందో చరిత్రలో ఒక వాక్యంతో దాటేస్తుంటాం, నేనూ ఇక్కడ అంతకంటే ఎక్కువ చెప్పలేకపోతున్నాను.

ఇక తేయాకు. బెంటింక్ సంఘం మొదట చైనా విత్తనాల కోసం మనుషులను పంపింది. అస్సాంలో సింగ్‌ఫో జనం తరతరాలుగా తేయాకు కాచుకు తాగుతున్నారు. రాబర్ట్ బ్రూస్ 1823లోనే వారి నుంచి ఆ మొక్క సంగతి తెలుసుకున్నాడు. అది నిజమైన తేయాకేనని సంఘం 1834 చివరలో ఒప్పుకుంది. 1839 జనవరిలో లండన్‌లో 8 పెట్టెల అస్సాం తేయాకు వేలానికి వచ్చింది. తర్వాత తోటలు పెరిగాయి, కూలీల కష్టాలూ పెరిగాయి. ఆకు మాత్రం ఎగుమతికే. తేయాకు పండించే దేశంలో సామాన్యుడి ఇంట్లో తేయాకూ లేదు, ఐసూ లేదు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఐసు కాసే చెరువు ఊరి పక్కనే. పందొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ ఐసు బండి వీధిలో తిరగడం, మధ్యతరగతి వంటింట్లో ఐసు పెట్టె ఉండటం మామూలైంది. 1879లో మేరియన్ కాబెల్ టైరీ కూర్చిన వర్జీనియా వంటల పుస్తకంలో ఐస్ టీ తయారీ ఉంది: గ్రీన్ టీ కాచి, రోజంతా నాననిచ్చి, ఐసు నింపిన గ్లాసులో పంచదారతో, నిమ్మరసంతో. ఐదేళ్ల తర్వాత మేరీ లింకన్ బోస్టన్ వంటల పుస్తకంలోనూ కనిపిస్తుంది. అంటే అప్పటికే అది గృహిణులకు తెలిసిన పానీయం.

చాలాచోట్ల చదివే కథ మరొకటి. 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో రిచర్డ్ బ్లెకిన్‌డెన్ అనే అతను ఐస్ టీని కనిపెట్టాడంటారు. భారతదేశపు తేయాకుకు ప్రచారం చేయడానికి వెళ్లినవాడతను. ఎండకు మండిపోతున్న జనం వేడి టీని ముట్టకపోతే, కాచిన టీని ఐసులో ముంచిన గొట్టాల గుండా పారించి చల్లగా ఇచ్చాడట. కథ బాగుంది. పాతికేళ్ల ముందే అచ్చయిన వంటకాన్ని అతను కనిపెట్టలేదని మాత్రం తేదీలే చెబుతున్నాయి. అతని వల్ల జరిగిన మేలు, నల్ల టీ కూడా చల్లగా బాగుంటుందని చాలామందికి రుచి చూపడం. ఆనాటి అమెరికాలో చైనా, జపాన్ గ్రీన్ టీ వాడకం ఎక్కువ. తరవాత అక్కడ నల్ల టీదే పైచేయి అయింది. ఇవాళ అమెరికన్లు తాగే టీలో నాలుగింట మూడు వంతులకు పైగా చల్లనిదే.

మన దేశంలో 1870ల నుంచి ఆవిరి యంత్రాలతో ఐసు కర్మాగారాలు వచ్చి, 1880ల నాటికి బోస్టన్ ఓడలు ఆగిపోయాయి. ఐసు మెల్లగా జిల్లా పట్టణాలకు చేరింది. నా చిన్నతనంలో మా ఊరి సోడా కొట్టులో వరి ఊకలో కప్పి, పైన గోనెపట్టా వేసిన ఐసు దిమ్మ ఉండేది. ట్యూడర్ రంపపు పొట్టు పనే మా కోస్తా ఊక చేసిందన్నమాట. ఆ ఐసు సోడాలోకి, నిమ్మరసంలోకి, చెరకు రసంలోకి వెళ్లేది. టీలోకి ఎప్పుడూ వెళ్లలేదు. ఈ మధ్యకాలంలో తేయాకు మన జనానికి అలవాటు చేసినవారు వేడి టీనే అలవాటు చేశారు. 1903లో తేయాకు ఎగుమతిపై వేసిన సెస్సుతో మొదలైన ప్రచారం ఊరూరా తిరిగి టీ కాచి చూపింది. వేసవిలోనూ వేడి టీయే చల్లదనమిస్తుందని కూడా చెప్పింది. 1930లో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చాక చవకగా, ముదురు రంగుతో పాలకు తట్టుకునే టీ దొరికింది. దేశంలో తయారైన గోద్రెజ్ రిఫ్రిజిరేటరు 1958లో వచ్చినా అది మధ్యతరగతి ఇంటికి చేరడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఇంట్లో ఐసు తయారయ్యాకే మన ఇళ్లలో ఐస్ టీ మొదలైంది.

ఇప్పుడు మీ వంటింట్లోకి వద్దాం. చాలామంది చేసే పొరపాటు, మామూలు టీ కాచి అందులో ఐసు వేయడం. లెక్క చూడండి. 80 డిగ్రీల వేడి ఉన్న 200 గ్రాముల టీని 5 డిగ్రీలకు తేవాలంటే 15,000 కేలరీలు తీసేయాలి. ఒక గ్రాము ఐసు కరిగి 5 డిగ్రీల నీరయ్యేలోపు 85 కేలరీలు తీసుకుంటుంది. అంటే దాదాపు 176 గ్రాముల ఐసు కరిగిపోతుంది, టీ సగానికి సగం పలచబడుతుంది. అందుచేత రెట్టింపు చిక్కగా కాయాలి: అరలీటరు మరిగిన నీటికి 5 చెంచాల ఆకు, నాలుగు నిమిషాలు, వెంటనే వడకట్టడం. ఎక్కువసేపు ఉంచితే చిక్కదనంతోపాటు వగరు వస్తుంది. పంచదార వేడిగా ఉన్నప్పుడే కలపాలి. చల్లని నీటిలో అది అడుగున కూర్చుంటుంది. ఐసు తక్కువగా ఉంటే డికాషన్‌ను 30 డిగ్రీలదాకా చల్లారనిస్తే అదే 200 గ్రాములకు 60 గ్రాముల ఐసు సరిపోతుంది.

ఇలా చల్లార్చినప్పుడు టీ మసకబారవచ్చు. అది పాడైనట్టు కాదు. టీకి రంగు, వగరు ఇచ్చే థియాఫ్లావిన్లు, థియారుబిజిన్లు చల్లబడినప్పుడు కెఫీన్‌తో జతకట్టి సన్నని రేణువులుగా విడిపోతాయి. కాసిని వేడినీళ్లు కలిపితే మళ్లీ తేటపడుతుంది. నీలగిరి ఆకు చల్లబడ్డా తేటగా ఉంటుందన్న పేరు ఉంది, ఐస్ టీ తయారీదారులు దాన్ని ఇష్టపడేది అందుకే. నిమ్మరసం పిండగానే రంగు లేతబడటం పిల్లలకు చూపించవలసిన ప్రయోగం: ఆమ్లం తగిలి రంగు పదార్థాల అణువుల స్థితి మారుతుంది. నిమ్మ వేస్తే పాలు వద్దు, విరుగుతాయి.

మరో పద్ధతికి పొయ్యే అక్కర్లేదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో నాలుగు చెంచాల పొడవాకు వేసి, మూతపెట్టి రాత్రంతా రిఫ్రిజిరేటరులో ఉంచి ఉదయం వడకట్టుకోండి. చన్నీటిలోకి కెఫీన్, వగరు పదార్థాలు తక్కువగా దిగుతాయి గనుక టీ మృదువుగా, తేటగా ఉంటుంది. సీసాను ఎండలో పెట్టి టీ దించే అలవాటు మాత్రం మంచిది కాదు, ఆ గోరువెచ్చదనంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఐసు కూడా కాచిన నీటితోనే చేసుకోండి, గడ్డకట్టినంత మాత్రాన చాలా క్రిములు చావవు. మిగిలిన టీని చలువపెట్టెలోనే ఉంచి ఒకటి రెండు రోజుల్లో తాగేయండి.