నలబన ద్వీపము

నలబన ద్వీపము ఒడిషా రాష్ట్రములోని చిలికా సరస్సు నడుమ ఉన్న నిర్జన ద్వీపము. వైశాల్యము సుమారు 15.5 చదరపు కిలోమీటర్లు. వర్షాకాలములో నీట మునిగి, శీతాకాలము నాటికి మరల బయటపడుట దీని ప్రత్యేకత. ఒడియా భాషలో 'నల' అనగా రెల్లుజాతి మొక్క, 'బన' అనగా వనము.

భౌగోళికము

చిలికా సముద్రపు ఉప్పునీరు, నదుల మంచినీరు కలిసే సరస్సు. వానాకాలములో దయా, భార్గవి మొదలైన మహానది పాయలు తెచ్చే వరదతో సరస్సు మట్టము పెరిగి, పల్లముగా ఉన్న ఈ ద్వీపము మునిగిపోతుంది. అందువలన ఇక్కడ జనావాసము ఏర్పడలేదు. వరద తగ్గిన పిదప బురదనేలలు, లోతులేని మడుగులు బయటపడతాయి.

పక్షులు

బురదలోని పురుగులు, నత్తలు, నీటిమొక్కలు వలస పక్షులకు ఆహారము. మధ్య ఆసియా, సైబీరియా వంటి ప్రాంతముల నుండి బాతులు, ఉల్లంకులు శీతాకాలములో ఇక్కడికి వస్తాయి. తలపై నల్లని చారలు గల బార్ హెడెడ్ గూస్ బాతులు, సూదివంటి తోకగల పిన్‌టెయిల్ బాతులు, గాడ్విట్‌లు, రాజహంసలు (ఫ్లెమింగోలు) వీనిలో ముఖ్యమైనవి. పొడవుకాళ్ళ పక్షులు నీటిలో నిలిచి, చిన్న పక్షులు బురద అంచులలో తిరుగుతూ మేత వెదకుకొంటాయి.

పరిరక్షణ

చిలికా 1981లో రామ్‌సర్ ఒప్పందపు జాబితాలో చేరినది. నలబన 1987లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించబడినది. పూడిక వలన సముద్రముతో సంబంధము సన్నగిల్లి, నీటి ఉప్పదనము తగ్గి కలుపుమొక్కలు పెరుగుటతో, 1993లో చిలికాను ప్రమాదములోనున్న చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రమునకు కొత్త ముఖద్వారము తెరిచిన తరువాత పరిస్థితి మెరుగుపడి, 2002లో ఆ జాబితా నుండి తొలగించారు. ఉప్పునీరు, మంచినీటి సమతూకము, ఏటేటా వచ్చే ముంపు సక్రమముగా ఉన్నప్పుడే నలబనలో పక్షులకు మేత నిలుస్తుంది.