రెండు పద్దుల ఉస్మానియా

బీజాపూర్ రోడ్డు మీద ఆలూరు స్టేజీ దగ్గర కూరగాయలు కుప్పలు పోసి అమ్ముతారు. మర్రిచెట్ల నీడలో సాగే ఈ దారిన పట్నానికి టమాటాలే కాదు, రోగులూ పోతుంటారు. చేవెళ్లలో కుదరని జబ్బయితే ఒకటే మాట: ఉస్మానియాకు తోలుకపోండ్రి.

ఆ పేరు దవాఖానదీ, విశ్వవిద్యాలయానిదీ. రెంటికీ పెట్టుబడి సర్కారు ఖజానాదే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ దవాఖానను ముంచేసింది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారంటారు. ఆ మూసీ పుట్టింది ఆలూరుకు పడమట, అనంతగిరి గుట్టల్లోనే. తర్వాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో, గుమ్మటాల కొత్త దవాఖాన లేచింది. 1918లో విశ్వవిద్యాలయం వచ్చింది. వైద్యశాస్త్రాన్ని సైతం ఉర్దూలో బోధించడం కోసం అనువాదశాలకూ నిజాం డబ్బు పెట్టాడు. ఈనాటి ఏ పద్దులోనైనా అలాంటి ఖర్చు కనబడుతుందా?

1846లో మొదలైన వైద్యపాఠశాలే ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. అది చాన్నాళ్లు విశ్వవిద్యాలయం గొడుగు కిందే ఉంది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టాక వేరు కాపురం తప్పలేదు. ఇప్పుడు ఒకరిది ఉన్నత విద్య పద్దు, మరొకరిది వైద్యారోగ్య పద్దు. విశ్వవిద్యాలయానికి వచ్చే గ్రాంటులో సింహభాగం జీతాలకూ పెన్షన్లకే పోతుంది.

దవాఖాన కథ మళ్లీ నీళ్లతోనే మలుపు తిరిగింది. 2020 జులైలో వాన నీరు వార్డుల్లోకొచ్చింది. గోషామహల్‌లో కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. చింతచెట్టు మాత్రం పాత చోటే ఉంది.