పాత బండికి పొల్యూషన్ పరీక్ష: తక్కువ ఖర్చుతో గట్టెక్కడం ఎలా?

పదిహేనేళ్లు నిండిన బైకు, ఇరవై ఏళ్లకు దగ్గరపడిన కారు ఇప్పటికీ ఎన్నో కుటుంబాలకు ఆధారం. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, చిరు వ్యాపారుల్లో చాలామందికి బండి కదిలితేనే ఆ రోజు సంపాదన. అలాంటి బండి పొల్యూషన్ పరీక్షలో తప్పితే యజమానికి సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. ఇంజన్ విప్పించి వేలు ఖర్చు పెట్టడం, బండి చూపించకుండానే సర్టిఫికెట్ ‘కొనడం’, అసలు సర్టిఫికెట్ లేకుండానే తిరగడం. వీటన్నిటికంటే చౌకైన దారి మరొకటుంది. పరీక్ష యంత్రం ఇచ్చిన అంకెలను చదవడం. ఏ వాయువు ఎంత మించిందో చూస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ లోపాల్లో ఎక్కువ భాగం వందల రూపాయల్లో సరిచేయించుకోదగ్గవే.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 115వ నిబంధన ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి ఏడాది దాటిన ప్రతి పెట్రోలు, డీజిల్ వాహనానికీ చెల్లుబాటయ్యే పీయూసీ సర్టిఫికెట్ ఉండాలి. బీఎస్-4, బీఎస్-6 వాహనాలకు ఇది ఏడాది పాటు చెల్లుతుంది. అంతకు ముందు ప్రమాణాలతో తయారైన వాటికి గడువు ఆరు నెలలే.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో శిక్షలు పెరిగాయి. సెక్షన్ 190(2) కింద రూ.10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. మూడు నెలల పాటు లైసెన్సుపై అనర్హత కూడా పడుతుంది. కోర్టుకు వెళ్లకుండా కట్టే మొత్తాన్ని రాష్ట్రాలే నిర్ణయిస్తాయి కాబట్టి అది అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

2021లో దేశమంతటికీ ఒకే నమూనా సర్టిఫికెట్ తెచ్చినప్పుడు కేంద్రం మరో వెసులుబాటు కల్పించింది. వాహనం పరిమితి దాటితే పరీక్ష కేంద్రం తిరస్కరణ పత్రం ఇవ్వాలి. దాన్ని మెకానిక్‌కు చూపించి మరమ్మతు చేయించుకోవచ్చు. యంత్రం సరిగా లేదని అనుమానం వస్తే మరో కేంద్రంలో మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. ‘ఫెయిలైంది’ అన్న ఒక్క మాటతో వెనుదిరగకుండా ఆ పత్రం అడిగి తీసుకోవాలి.

ఏ బండికి ఎంత పరిమితి?

పెట్రోలు వాహనాల్లో ఇంజన్ ఐడిల్‌లో ఉండగా సైలెన్సర్‌లో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్‌ను శాతంలో, హైడ్రోకార్బన్లను పీపీఎంలో కొలుస్తారు. పాత వాహనాలకు వర్తించే పరిమితులు ఇవి:

- 2000 మార్చి 31 లేదా అంతకు ముందు తయారైన రెండు, మూడు చక్రాల వాహనాలు: కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం
- ఆ తర్వాత తయారైన టూ స్ట్రోక్ వాహనాలు: 3.5 శాతం, 6,000 పీపీఎం
- ఆ తర్వాత తయారైన ఫోర్ స్ట్రోక్ వాహనాలు: 3.5 శాతం, 4,500 పీపీఎం
- బీఎస్-2 కంటే ముందు కార్లు: 3 శాతం, 1,500 పీపీఎం
- బీఎస్-2, బీఎస్-3 కార్లు: 0.5 శాతం, 750 పీపీఎం
- బీఎస్-4 కార్లు: 0.3 శాతం, 200 పీపీఎం

డీజిల్ వాహనాలకు పొగ సాంద్రతే కొలమానం. బీఎస్-4కు ముందు వాటికి మీటరుకు 2.45, బీఎస్-4 వాటికి 1.62 మించకూడదు.

బీఎస్-2కు ముందు కారుకూ, తర్వాతి కారుకూ కార్బన్ మోనాక్సైడ్ పరిమితిలో ఆరు రెట్ల తేడా ఉంది. అందువల్ల కేంద్రంలో బండిని ఏ వర్గంలో నమోదు చేశారో ముందుగా చూసుకోవాలి. తయారైన సంవత్సరం ఒక్కటే చూస్తే పొరబడే అవకాశం ఉంది. బీఎస్-2 ప్రమాణాలు హైదరాబాద్‌లో 2003లో మొదలైతే, దేశమంతటా 2005 ఏప్రిల్‌లో అమలయ్యాయి. బీఎస్-4 కార్లు హైదరాబాద్ సహా 13 నగరాలకు 2010 ఏప్రిల్‌లోనే వచ్చాయి. మిగతా దేశానికి 2017 ఏప్రిల్ దాకా పట్టింది. ఒకే ఏడాది హైదరాబాద్‌లో ఒకటి, అనంతపురంలో ఒకటి కొన్న రెండు కార్లు వేర్వేరు ప్రమాణాలవి కావచ్చు. ఆర్సీలో ఉన్న వివరం చూపించి సరిచేయించుకుంటే పైసా ఖర్చు లేకుండానే పని జరిగిపోవచ్చు.

అంకెలు చెప్పే జబ్బు

2008 నాటి ఫోర్ స్ట్రోక్ బైకునే తీసుకుందాం. దాని పరిమితి 3.5 శాతం, 4,500 పీపీఎం. పత్రంలో కార్బన్ మోనాక్సైడ్ 4.8 శాతం, హైడ్రోకార్బన్లు 1,200 పీపీఎం అని ఉందనుకుందాం. ఇంజన్‌కు గాలి చాలడం లేదు, లేదా పెట్రోలు ఎక్కువగా పోతోందని దాని అర్థం. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, పూర్తిగా వెనక్కి రాని చోక్, సెట్టింగ్ తప్పిన కార్బొరేటర్ ఇందుకు సాధారణ కారణాలు. ఇంజన్ విప్పాల్సిన పని లేదు.

అదే బైకులో కార్బన్ మోనాక్సైడ్ 1.2 శాతమే ఉండి హైడ్రోకార్బన్లు 5,200 పీపీఎం వచ్చాయనుకుందాం. ఇక్కడ పెట్రోలు మండకుండానే బయటికి పోతోంది. అరిగిన స్పార్క్ ప్లగ్, ప్లగ్ గ్యాప్ తేడా, పాడైన ప్లగ్ వైరు, తప్పిన ట్యాపెట్ సెట్టింగ్ చూడాలి. మైలేజీ కోసమని మెకానిక్ పెట్రోలును మరీ తగ్గించినా మిస్‌ఫైర్ జరిగి ఇదే ఫలితం వస్తుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలుతో కార్బొరేటర్ బండ్లలో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది కాబట్టి, పాత సెట్టింగ్‌ను ఒకసారి సరిచూసుకోవడం మేలు.

రెండు అంకెలూ ఎక్కువగా ఉంటే ముందు ఫిల్టర్, ఆ తర్వాత ప్లగ్, చివరగా కార్బొరేటర్ వరుసలో వెళ్లాలి. నీలి పొగ కూడా వస్తుంటే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్టు. అప్పుడు రింగులు, వాల్వ్ సీళ్లు అనుమానించాలి.

పరీక్షకు వెళ్లే ముందు

చల్లగా ఉన్న ఇంజన్‌తో పరీక్షకు వెళ్లడం చాలామంది చేసే పొరపాటు. చల్లటి ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కార్లలో అది బాగా వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. పావుగంటో ఇరవై నిమిషాలో నడిపి, ఆ వేడి మీదే పరీక్ష చేయించాలి. లైనులో చాలాసేపు ఐడిల్‌లో నిలబెడితే కన్వర్టర్ మళ్లీ చల్లబడుతుంది. కారులో ఏసీ ఆపేయాలి. చోక్ పూర్తిగా తీసేయాలి.

ఆయిల్ మార్చి చాలాకాలమైతే ముందే మార్పించడం మంచిది. పాత ఆయిల్‌లో చేరిన పెట్రోలు ఆవిరి తిరిగి ఇంజన్‌లోకే వెళ్లి రెండు అంకెలనూ పెంచుతుంది. సైలెన్సర్‌కు చిల్లు ఉంటే వెల్డింగ్ చేయించాలి. అందులోంచి బయటి గాలి చేరితే రీడింగే తప్పుతుంది.

ఖర్చు వరుస కూడా ఇదే. మొదట ఖర్చు లేనివి, తర్వాత ఫిల్టర్, ప్లగ్, ఆయిల్, ఆ పైన కార్బొరేటర్ క్లీనింగ్, ట్యూనింగ్, ట్యాపెట్ సెట్టింగ్. కన్వర్టర్ మార్చడం, ఇంజన్ బోర్ చేయించడం చివరి మాట కావాలి. ఒక్కో పని అయ్యాక మళ్లీ రీడింగ్ తీయిస్తే ఏది పనిచేసిందో తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మార్పిస్తే అవసరం లేనిదానికీ డబ్బు పోతుంది.

పాత టూ స్ట్రోక్ స్కూటర్లలో పెట్రోలులో ఆయిల్ కొలత మించి పోయడం, సైలెన్సర్‌లో మసి పేరుకోవడం ప్రధాన సమస్యలు. కంపెనీ చెప్పిన పాళ్లలోనే టూటీ ఆయిల్ వాడి, సైలెన్సర్ డీకార్బనైజ్ చేయిస్తే పొగ బాగా తగ్గుతుంది.

డీజిల్ సంగతి

డీజిల్ పరీక్షలో బండిని న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కుతారు. ఊళ్లో నెమ్మదిగా తిరిగిన బండి పైపులో పేరుకున్న మసి అంతా అప్పుడే బయటికొస్తుంది. ముందుగా హైవే మీద అరగంట నడిపితే ఆ మసి చాలావరకు పోతుంది. అయినా నల్లటి పొగ ఆగకపోతే ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపుల లీకు, ఇంజెక్టర్ నాజిళ్లు వరుసగా చూడాలి. వేగం కోసం పంపులో డీజిల్ పెంచి ఉంటే దాన్ని కంపెనీ సెట్టింగ్‌కు తేవాలి.

‘కొన్న’ సర్టిఫికెట్ ఎందుకు ఖరీదైంది?

ఢిల్లీలో వాహన కాలుష్యంపై కాగ్ ఇచ్చిన నివేదిక 2025లో అక్కడి శాసనసభ ముందుకు వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ లేదా హైడ్రోకార్బన్లు పరిమితి మించినా 1.08 లక్షలకు పైగా వాహనాలకు పీయూసీ సర్టిఫికెట్లు ఇచ్చేశారని అది తేల్చింది. ఇలా వచ్చిన కాగితం తనిఖీలో గట్టెక్కించవచ్చు, కానీ లోపం బండిలోనే ఉండిపోతుంది. మండని పెట్రోలు యజమాని జేబులోంచి పోయినదే. ఫిల్టర్, ప్లగ్‌లపై పెట్టే ఖర్చు మైలేజీ రూపంలో కొంతైనా తిరిగొస్తుంది. దొడ్డిదారి సర్టిఫికెట్‌కు ఇచ్చిన డబ్బు ఆరు నెలలకోసారి మళ్లీ ఇవ్వాల్సిందే.

పీయూసీ అన్నిటికీ హామీ కూడా కాదు. నైట్రోజన్ ఆక్సైడ్లను, సూక్ష్మ ధూళి కణాల బరువును ఈ పరీక్ష కొలవదు. బండి వయసు మీద ఉన్న ఆంక్షలు కూడా దీనితో తొలగవు. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై వచ్చిన ఆదేశాలు వయసును బట్టి వచ్చినవే, పొగను బట్టి కాదు.

ఫిల్టర్, ప్లగ్, ట్యూనింగ్ అన్నీ అయ్యాక కూడా అంకెలు దిగకపోతే, నీలి పొగ ఆగకపోతే లెక్క మారుతుంది. ఇంజన్ పని ఖర్చు ఎంతో ముందే అడిగి, బండి అమ్మితే వచ్చే ధరతో పోల్చుకోవాలి. ఖర్చు ఆ ధరకు దగ్గరగా ఉంటే ఆ బండి మీద ఇంకా పెట్టకుండా ఆగిపోవడమే లాభం.