'లేడీస్' అన్నది కొలత కాదు

స్త్రీల చదువు చరిత్రలో బడి ఉంటుంది, పుస్తకం ఉంటుంది, సంస్కర్త ఉంటాడు. ఇంటికీ బడికీ మధ్య ఉన్న దారి మాత్రం పెద్దగా కనిపించదు. ఆ దారి ఎంత దూరం, దాన్ని ఎవరు ఎలా దాటారు, ఎంతమంది సగంలో ఆగిపోయారు అన్న ప్రశ్నలు మన సాహిత్య విమర్శలోనూ అరుదే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో ఆడవాళ్ళ చదువు గురించి ఆలోచిస్తున్నకొద్దీ నాకు ఆ దారి మీద ఒక వస్తువు అడ్డంగా కనబడుతూ వచ్చింది. అది సైకిల్‌కి సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే కడ్డీ.

మా ప్రాంతం సైకిల్ కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. ఎత్తుపల్లాల్లేని డెల్టా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలవలతోపాటు కాలవ గట్లూ వచ్చాయి. ఊరికీ ఊరికీ మధ్య, ఊరికీ పట్నానికీ మధ్య ఆ గట్లే దారులయ్యాయి. ఏలూరు కాలవ తాడేపల్లిగూడెం మీదుగా వచ్చి ఏలూరులో కృష్ణా కాలవను కలుసుకుంటుంది. ఆ పొడవునా గేరు అక్కర్లేని నేల. ఐదారు మైళ్ళ దూరం నడిచేవాళ్ళకి ఎక్కువ, బస్సుకి తక్కువ, సైకిల్‌కి సరిగ్గా సరిపోతుంది. ఏలూరులో 1945లో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, 1953లో ఆడపిల్లల కోసం సెయింట్ థెరిసా కళాశాల వచ్చాయి. కాలేజీ వచ్చింది, గట్టు ఉంది, సైకిల్ ఉంది. మరి చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు సైకిలెక్కి బారులు తీరి రాలేదేం?

"పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు" అన్నది మనకు తెలిసిన జవాబు. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. పెద్దవాళ్ళ నోటి మాటకు తోడు ఇనుములో పోతపోసిన మాట ఇంకొకటి ఉంది.

ఇవాళ మనం చూసే సైకిల్ రూపం 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్'తో స్థిరపడింది. రెండు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి చైను, మధ్యలో త్రికోణాలుగా బిగించిన ఫ్రేము. పై కడ్డీని కిందికి వంచి, గౌను చక్రంలో పడకుండా వల కట్టి, చైనుకి మూత పెట్టిన స్త్రీల సైకిల్ మరికొన్నేళ్ళలోనే వచ్చింది. దాని మీద అమెరికాలో, ఇంగ్లండులో ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు ఫ్రాన్సెస్ విలార్డ్ తన యాభై మూడో ఏట సైకిల్ నేర్చుకుని, 1895లో దాని గురించి పుస్తకమే రాసింది. సైకిల్ తొక్కితే ఆడవాళ్ళ మొహం వికారమవుతుందని, గర్భసంచి పాడవుతుందని డాక్టర్లు హెచ్చరించిన కాలం అది. ఆ మాటల్ని దాటటానికి వాళ్ళకు ధైర్యంతో పాటు కాలు దాటించగలిగే ఫ్రేము కూడా దొరికింది.

మనకు దొరికింది రెండో రకం కాదు, మొదటిది. స్వాతంత్ర్యానికి ముందు ర్యాలీ, హెర్క్యులిస్ వంటివి ఓడల్లో దిగేవి. 1949లో మద్రాసు దగ్గర టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. దేశం మారింది, ఫ్యాక్టరీ మారింది, కొలత మారలేదు. 28 అంగుళాల చక్రాలు, 22 లేదా 24 అంగుళాల ఫ్రేము, కడ్డీ బ్రేకులు, ఇరవై కిలోల చిల్లర బరువు. బ్రిటిష్ మగవాడి కాలిపొడవుకి గీసిన బొమ్మ మన ఊళ్ళో పాలవాడికీ, పోస్ట్‌మాన్‌కీ, మేస్టారికీ 'మామూలు సైకిల్' అయిపోయింది.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. సాహిత్య పత్రికలో అంగుళాలూ సెంటీమీటర్లూ ఏమిటని అనుకోకండి, మన శరీరాల చరిత్ర చాలాసార్లు ఇలాంటి అంకెల్లోనే దాక్కుని ఉంటుంది. ఫ్రేము సైజు అంటే పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పైకొస దాకా ఉన్న పొడవు. 22 అంగుళాల ఫ్రేముకి ఆ కడ్డీ నేల నుంచి దాదాపు 31 అంగుళాల ఎత్తున ఉంటుంది. మన దేశంలో వయోజన స్త్రీ సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. ఆ ఎత్తు మనిషికి కాళ్ళ సందు నుంచి నేల దాకా దాదాపు 70 సెంటీమీటర్లు, 27 అంగుళాల పైచిలుకు. సైకిల్ ఆపి రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిలబడితే కడ్డీకీ ఒంటికీ మధ్య అంగుళమో రెండంగుళాలో ఖాళీ ఉండాలంటారు. ఇక్కడ ఖాళీ మాట దేవుడెరుగు, కడ్డీయే మూడు నాలుగు అంగుళాలు పైకి ఉంది. అంటే సగటు భారతీయ స్త్రీ ఆ సైకిల్ దిగి నిలబడలేదు. దిగలేని వాహనం ఎక్కనందుకు ఆమెను పిరికిది అన్నాం.

మగవాళ్ళందరికీ అది సరిపోయిందనీ కాదు. సగటు మగవాడికి కూడా 24 అంగుళాల ఫ్రేము పెద్దదే. సీటు పూర్తిగా దించి, నడుము అటూ ఇటూ ఊగుతూ తొక్కే మనుషుల్ని మనందరం చూశాం. మగపిల్లలు కడ్డీ కిందుగా ఒక కాలు దూర్చి, సైకిల్‌ని ఒకపక్కకి వంచి సగం సగం తొక్కుతూ నేర్చుకున్నారు. తేడా ఎక్కడంటే, మగపిల్లాడితో "ఎదిగితే అందుతుందిలేరా" అన్నారు. ఆడపిల్ల అదే పద్ధతిలో తొమ్మిదేళ్ళకి నేర్చుకుంటే నవ్వి ఊరుకున్నారు. సీటు అందే వయసు వచ్చేసరికి ఆమెకి ఓణీ వేశారు. లంగా ఓణీతో కాలు ఎత్తి వెనకనుంచి కడ్డీ దాటించటం కుదిరే పని కాదు, కుదిరినా నలుగురిలో చెయ్యనిచ్చే పని కాదు. కొలత, బట్ట, మర్యాద మూడూ ఒకే చోట వచ్చి కలిశాయి, ఆ కడ్డీ దగ్గర.

అప్పుడు ఆడవాళ్ళకి మిగిలింది క్యారియర్. చలం మద్రాసులో బి.ఎ. చదువుతూ, భార్య రంగనాయకమ్మను కాన్వెంటులో చేర్చి, సైకిల్ మీద తనే దింపి వచ్చేవాడు. 1910ల్లో అదొక పెద్ద సాహసం. లోకం తిట్టింది, మామగారు ఇంట్లోకి రానివ్వలేదు. ఆ సాహసాన్ని తగ్గించాలని నాకు లేదు. కానీ ఆ దృశ్యంలో తొక్కేది ఆయన, కూర్చునేది ఆమె. చలాన్ని ఇన్నేళ్ళుగా చదువుతున్న మనం ఆమె చేతికి హ్యాండిల్ వచ్చిందా అని ఎప్పుడూ అడగలేదు. మన సంస్కరణ చాలాకాలం ఆడవాళ్ళని క్యారియర్ మీద కూర్చోబెట్టే తీసుకెళ్ళింది.

1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీకి సైకిల్ గుర్తు. 1983 ఎన్నికలనాటికి డెల్టాలో గోడగోడకీ సైకిల్ బొమ్మే. ఆ ప్రభుత్వమే 1983లో తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది, 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకు ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. గోడమీది సైకిల్‌కి మాత్రం అడ్డకడ్డీ ఉంది. సైకిల్ అంటే మనసులో వచ్చే బొమ్మే మగసైకిల్. దానికి 'జెంట్స్' అని చెప్పాల్సిన అవసరం కూడా లేదు, 'సైకిల్' అంటే చాలు. రెండోదానికే 'లేడీస్' అని పేరు పెట్టాలి.

లేడీస్ సైకిల్ మా పట్నాల్లో విరివిగా కనబడటం, ఓణీ స్థానంలో పంజాబీ డ్రెస్ రావటం దాదాపు ఒకే కాలంలో, ఎనభైల చివరా తొంభైల్లోనూ జరిగాయి. ఆ రెండూ కలిసి చేసిన మేలు తక్కువ కాదు. నేను కాలేజీకి వెళ్ళింది దాని మీదే. అయితే ఈ సైకిల్ కూడా ఒక ప్రత్యేకమైన స్త్రీని ఊహించుకుని తయారయింది.

మొదటిది, కడ్డీ తీసేస్తే కొలత సరిపోయినట్టు కాదు. ఇరుసు నుంచి సీటు పై అంచుకి ఉండాల్సిన ఎత్తు కాలి కొలతలో సుమారు 0.88 వంతు. 70 సెంటీమీటర్ల కాలికి అది 62 సెంటీమీటర్లు, ఇరవై నాలుగున్నర అంగుళాలు. 22 అంగుళాల లేడీస్ ఫ్రేము మీద సీటూ దాని స్ప్రింగులూ కలిసి ఇంకో మూడు నాలుగు అంగుళాలు ఎత్తు. సీటు పూర్తిగా దించినా ఆమెకి ఎక్కువే. మోకాళ్ళ నొప్పి, నడుం నొప్పి, "నాకు సైకిల్ పడదు" అన్న మాట అక్కణ్ణించే వస్తాయి.

రెండోది బరువు. పై కడ్డీ అలంకారం కాదు, త్రికోణానికి బలం అదే. దాన్ని వంచి కిందికి దించితే సీటు గొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది, అంతే బలం రావాలంటే లావు గొట్టాలు వెయ్యాలి. లేడీస్ సైకిల్ ఊహించుకున్న అమ్మాయి ముందు బుట్టలో రెండు పుస్తకాలు పెట్టుకుని కాలేజీకి వెళ్ళి వస్తుంది. గడ్డిమోపు, బియ్యం బస్తా, చేపల తట్ట ఆ బుట్టలో పట్టవు. కొల్లేటి చేపలు సైకిల్ వెనక పెట్టెకట్టి ఊళ్ళమ్మట అమ్ముకొచ్చేది మగవాళ్ళయితే, తట్ట నెత్తిన పెట్టుకుని నడిచేది ఆడవాళ్ళు. చక్రం ఎవరి చేతిలో ఉంటే దూరపు బేరం వాళ్ళది. కాబట్టి ఇది కాలేజీ అమ్మాయిల గొడవ మాత్రమే కాదు. పనిచేసే ఆడవాళ్ళ శరీరానికీ, ఆ శరీరం మోసే బరువుకీ సరిపడే సైకిల్‌ని ఎవరూ గియ్యలేదన్నది అసలు సంగతి.

ఈ మాటకు మంచి సాక్ష్యం పక్క రాష్ట్రంలో ఉంది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కలెక్టర్ షీలారాణి చుంకత్ సైకిల్ నేర్చుకోవటాన్ని అందులో భాగం చేశారు. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశాడు. వాళ్ళలో వ్యవసాయ కూలీలు, క్వారీ కార్మికులు, నర్సులు ఉన్నారు. అక్కడ లేడీస్ సైకిళ్ళకి కొరత వస్తే వాళ్ళు జెంట్స్ సైకిళ్ళే తీసుకున్నారు. కడ్డీ ఉంటే దాని మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని ఇష్టపడ్డారు కూడా. మనల్ని అడ్డుకున్న కడ్డీయే వాళ్ళకి ఆసరా అయింది. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఫ్రేము ఎంచుకోవటంలో ప్రశ్నలు రెండు: నా కాలి కొలత ఎంత? నేను దీంతో ఏం పని చేస్తాను? 'లేడీస్' అన్న మాట ఈ రెండింటికీ జవాబు కాదు.

ప్రభుత్వాలు ఈ ప్రశ్నల్ని ఎలా విన్నాయో చూడండి. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోమని రెండువేల రూపాయలు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్‌లు దాన్ని అధ్యయనం చేసి 2017లో ప్రచురించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడోవంతు పెరిగిందని, బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఆ పెరుగుదల ఎక్కువని తేల్చారు. మన రాష్ట్రంలో 2019కి ముందటి ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల్లోని తొమ్మిదో తరగతి అమ్మాయిలకి సైకిళ్ళే ఇచ్చింది. రెండూ మంచి పనులే. కానీ డబ్బు చేతికొస్తే అమ్మాయి షాపులో ఎక్కి చూసి తీసుకునే వీలుంటుంది, సైకిలే వస్తే వచ్చినదాంట్లో ఇమడాలి. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల్లో ఒకరు నాలుగున్నర అడుగులు, ఒకరు అయిదుంపావు అడుగులు ఉంటారు.

కొల్లేటి లంకల దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. వానాకాలం నీళ్ళు పెరిగితే తాటిదోనె, పడవ, ఎండాకాలం గట్టు. చేపల చెరువులు వచ్చాక వాటి గట్లూ దారులయ్యాయి. 1999లో అభయారణ్యం ప్రకటన, 2006లో చెరువుల తొలగింపు పర్యావరణ చరిత్రలో అవసరమైన అధ్యాయాలే. కానీ గట్టు తెంచినప్పుడు దాని మీది దారి ఏమవుతుందో, ఆ దారిన ఏ పిల్ల బడికి వెళుతోందో ఆ అధ్యాయాల్లో ఉండదు. రేగడి బురదలో సైకిల్ నడవదు, మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య మట్టి బిగుసుకుంటుంది. ఎత్తుకుని నడవాలి. ఇరవై కిలోల ఇనుము ఎత్తగల పిల్లదే ఆ రోజు బడి. బరువు కూడా ఫ్రేము కొలతలో భాగమే. 2025 ఆగస్టు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. చాలా గొప్ప వెసులుబాటు. బస్సు ఆగే చోటి దాకా వెళ్ళటం ఆమె సొంత భారమే.

1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకి ఒక పద్ధతి నేర్పింది. రికార్డుల్లో లేని స్త్రీల అనుభవాన్ని వాళ్ళ మాటల్లోనే వినాలన్నది ఆ పద్ధతి. సైకిల్ విషయంలో మన అమ్మల్నీ, పిన్నుల్నీ, చేపలు తెచ్చే ఆవిణ్ణీ అలా అడగాలి. ఎప్పుడు నేర్చుకున్నావు, ఎవరి సైకిల్ మీద, ఎప్పుడు మానేశావు, మానెయ్యమన్నది ఎవరు? నేను అడిగిన చాలామంది ముందు చెప్పిన కారణం ఒకటే, "నాకు కాళ్ళు అందేవి కాదమ్మా." దాన్ని వాళ్ళు తమ లోపంగానే చెప్పుకున్నారు. ఫ్రేము తమకి పెద్దదని ఒక్కరూ అనలేదు.

అందుకే ఈ వ్యాసం చదివేవాళ్ళకి ఒక చిన్న పని చెబుతాను. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. కాళ్ళ మధ్య ఒక లావుపాటి పుస్తకం అట్టని సీటులా పైదాకా ఆనించి, దాని పై అంచు గోడకి తగిలే చోట గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత దాకా మీ కొలత. రోడ్డు మీద తొక్కే మామూలు సైకిల్‌కి అందులో సుమారు మూడింట రెండు వంతులు మీ ఫ్రేము. డెబ్భై సెంటీమీటర్లయితే నలభై ఆరు, పద్దెనిమిది అంగుళాలు. నిటారుగా కూర్చుని నెమ్మదిగా తొక్కేవాళ్ళకి హ్యాండిల్ దగ్గరగా, ఎత్తుగా ఉండాలి. దూరాలు వెళ్ళేవాళ్ళకి కాస్త ముందుకి వంగేలా ఉండాలి. బరువు మోసేవాళ్ళకి కడ్డీ ఉన్న చిన్న ఫ్రేము మేలు. ఆ అంకె కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్ళండి. "లేడీస్‌ది చూపించమంటారా మేడం?" అని అడిగితే, "పద్దెనిమిది అంగుళాలది చూపించండి" అనండి.